స్లాబ్ ఎందుకు ఆగింది? బెంగళూరులో కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్టును టైముకి, బడ్జెట్‌లో నడిపే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

సర్జాపుర రోడ్డు నుంచి హెణ్ణూరు దాకా బెంగళూరులో ఏ వీధిలోకి వెళ్లినా ఒక బిల్డింగ్ లేస్తూ కనిపిస్తుంది. ఆ సైట్లలో ఇంజినీర్లుగా, సూపర్‌వైజర్లుగా, మేస్త్రీలుగా, చిన్న బిల్డర్లుగా మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఈ గైడ్ వాళ్ల కోసం. స్టిల్ట్ (కింద పార్కింగ్) మీద నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటును మనసులో పెట్టుకుని రాస్తున్నాను. థర్టీ-ఫార్టీ (30×40 అడుగుల) స్థలంలో సొంత ఇల్లు కట్టించేవారికీ పద్ధతి ఇదే, లెక్కలు చిన్నవవుతాయి.

ప్రాజెక్టు లేటయితే అందరూ ముందు చెప్పే కారణం, "లేబర్ స్లోగా చేస్తున్నారు". నేను ఒప్పుకోను. ఒక రోజంతా సైట్‌లో నిలబడి చూడండి. బార్‌బెండర్లు (స్టీలు కట్టేవాళ్లు) చేతికి పని ఉన్నంతసేపూ గట్టిగానే చేస్తారు. కానీ 8 ఎంఎం స్టీలు రాలేదని పదింటిదాకా కూర్చుంటారు. సన్‌షేడ్ లెవెల్ డ్రాయింగ్‌లో లేదని ఆర్కిటెక్ట్ ఫోన్ కోసం చూస్తారు. ఎలక్ట్రీషియన్ పైపులు వేయలేదని స్లాబ్ రెండు రోజులు ఆగుతుంది. పనిలో పోయే టైము కంటే పని కోసం ఎదురుచూడటంలో పోయే టైమే ఎక్కువ. అందుకే మనుషుల్ని తొందరపెట్టడాన్ని నేను మేనేజ్‌మెంట్ అనను. వాళ్లకు అడ్డుపడబోయేదాన్ని రెండు వారాల ముందే చూసి తీసేయాలి. కింద చెప్పే అడుగులన్నీ దీనికోసమే.

మొదటి అడుగు: గునపం దించకముందే కాగితాలు, డ్రాయింగ్‌లు

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్లాన్ శాంక్షన్, కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు ఎనిమిది దాటితే, అమ్మకానికి కట్టే ప్రాజెక్టు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికి వస్తుంది. అప్పుడు కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. అంటే మీ క్యాష్ ఫ్లో ప్లాన్ మొదటి రోజు నుంచే దానికి తగ్గట్టు వేసుకోవాలి. శాంక్షన్ ప్లాన్ దాటి కడితే చివర్లో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంటారు. అది లేకపోతే కరెంటు, నీళ్ల కనెక్షన్ దగ్గరా పని ఆగుతుంది.

డ్రాయింగ్‌ల విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. స్ట్రక్చరల్, ఆర్కిటెక్చరల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ నాలుగు సెట్లనూ టేబుల్ మీద ఒకదాని పక్కన ఒకటి పరిచి, ఒక పూటంతా కేటాయించి, గది గదికీ పోల్చి చూడండి. బీమ్ వచ్చిన చోట బాత్రూమ్ డ్రైనేజీ పైపు వస్తోందా? కిటికీ లింటెల్, బీమ్ అడుగు కలుస్తున్నాయా? లిఫ్ట్ గుంత లోతు, షాఫ్ట్ కొలత లిఫ్ట్ కంపెనీ ఇచ్చినవేనా, ఆర్కిటెక్ట్ అందాజుగా వేసినవా? లిఫ్ట్ ఎలాగూ చివర్లోనే కదా అని వాయిదా వేస్తారు. కాలమ్‌లు లేచాక షాఫ్ట్ రెండంగుళాలు తక్కువైతే దిద్దుకునే దారి ఉండదు. పునాది వేయకముందే లిఫ్ట్ మోడల్ తేల్చుకోండి.

సైట్‌లో ప్రతి డ్రాయింగ్‌కూ ఒక్క కాపీయే ఉండాలి, దానిమీద రివిజన్ నంబరు, తేదీ ఉండాలి. కొత్తది రాగానే పాతదాన్ని వెనక్కి తీసుకుని అడ్డంగా గీత కొట్టండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి కాలమ్ స్టీలు కట్టించే అలవాటు ఉంటే ఈ రోజే మానిపించండి.

రెండో అడుగు: షెడ్యూల్, జాకీల లెక్క

క్రిటికల్ పాత్ పద్ధతి 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల్లో పుట్టింది. ఏ పని ఒక్క రోజు వెనక్కి జరిగితే మొత్తం ప్రాజెక్టు ఒక్క రోజు వెనక్కి జరుగుతుందో ఆ పనుల గొలుసును పట్టుకోవడమే దాని సారం. నాలుగు వందల లైన్ల చార్టు ప్రింట్ తీసి ఆఫీసు గోడకు అంటిస్తే ఆ గొలుసు ఎవరికీ కనిపించదు. మన సైజు బిల్డింగ్‌కు ఒక పేజీ చాలు: ఫ్లోర్ సైకిల్. అంటే ఒక స్లాబ్ పోసిన రోజు నుంచి పై స్లాబ్ పోసే రోజుదాకా ఎన్ని రోజులు.

దాన్ని తేల్చేది ఎక్కువసార్లు లేబర్ సంఖ్య కాదు, జాకీల (కొత్త స్లాబ్‌ను కింద నుంచి మోసే నిలువు ఊతాల) సంఖ్య. ఐఎస్ 456 (కాంక్రీట్ పనికి భారత ప్రమాణం) ప్రకారం స్లాబ్ స్పాన్, అంటే రెండు ఆధారాల మధ్య దూరం, 4.5 మీటర్ల లోపైతే జాకీలు కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు ఉండాలి. బీమ్ స్పాన్ 6 మీటర్ల లోపైతే 14 రోజులు, దాటితే 21 రోజులు. అదీ మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు చెప్పిన లెక్క. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటుకు) ఇంకాస్త ఆగాలి. మరి మీ దగ్గర ఒక్క ఫ్లోర్‌కు సరిపడా జాకీలే ఉండి, బీమ్‌ల కింద 14 రోజులు పెట్టాల్సి వస్తే పై ఫ్లోర్ సెంట్రింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు) దేనితో కొడతారు? ఇక్కడే చాలా సైట్లలో తప్పుడు తొందర మొదలవుతుంది, తొమ్మిదో రోజునే జాకీలు లాగేస్తారు. దానికంటే రెండో సెట్ అద్దెకు తెచ్చుకోవడం నయం. వారం రోజుల ఆలస్యానికి మీరు కట్టే వడ్డీ, సూపర్‌విజన్ ఖర్చు, అద్దెలు ఒక పక్క రాయండి. రెండో సెట్ అద్దె ఇంకో పక్క రాయండి. ఏది మేలో ఆ కాగితమే చెబుతుంది.

షెడ్యూల్ పక్కనే రెండు క్యాలెండర్లు ఉండాలి. ఒకటి వాన. బెంగళూరులో మేలో సాయంత్రం ఉరుముల వానలు, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా అసలు వానలు, వాటిలోనూ సెప్టెంబర్ గట్టిది. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు వైపు ఎలా మునిగాయో అందరూ చూశారు. బేస్‌మెంట్ తవ్వకం ఆ నెలల్లో పడకుండా చూసుకోండి, ముఖ్యంగా రాజకాలువల (పెద్ద వాననీటి కాలువల) పక్కన.

రెండోది లేబర్ క్యాలెండర్. తొలకరి పడగానే పాలమూరు, కర్నూలు పడమటి మండలాల నుంచి వచ్చినవాళ్లు విత్తనాలు వేయడానికి ఊరెళ్తారు. సంక్రాంతి, ఉగాది సరేసరి. బిహార్ కార్పెంటర్లు దీపావళి తర్వాత ఛఠ్ పూజకి, మళ్లీ హోళీకి వెళ్తారు. ఊళ్లో ఎన్నికలు వస్తే అందరూ వెళ్తారు. ఇవన్నీ ఏడాది ముందే తెలిసిన తేదీలు. తెలిసి కూడా ఛఠ్ వారంలో సెంట్రింగ్ పెట్టుకుంటే తప్పు ప్లాన్‌దే.

మూడో అడుగు: ఆరు వారాల ముందుచూపు

ఒక నోటు పుస్తకం తీసుకోండి. రాబోయే ఆరు వారాల పనులు వరుసగా రాయండి. ప్రతి పనికీ ఈ ప్రశ్నలు వేయండి: డ్రాయింగ్ ఉందా, సామాను ఉందా, మనుషులు ఉన్నారా, ముందు పని అయిపోతుందా, చోటు ఖాళీగా ఉందా, మిషను కావాలా, ఎవరి అనుమతైనా కావాలా. 'లేదు' వచ్చిన ప్రతిచోటా ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయాలి. "చూడాలి", "మాట్లాడాలి" అని రాస్తే ఆ లైను ఉన్నా లేనట్టే. "ప్లంబర్‌తో స్లీవ్ కొలతలు: సూపర్‌వైజర్, 12వ తేదీ" అని రాయాలి. (స్లీవ్ అంటే పైపు దూరడానికి కాంక్రీట్‌లో ముందే వదిలే దారి.)

ఈ పుస్తకంలో నీళ్లకు కూడా ఒక లైను ఉండాలి. 2024 మార్చిలో కరువు ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని నిర్మాణానికి వాడొద్దని ఆదేశించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఎండాకాలంలో శుద్ధిచేసిన మురుగునీటి ట్యాంకర్ల మీదే బండి నడపాల్సి రావచ్చు. ఆ నీటిని ఒకసారి ల్యాబ్‌లో చూపించండి. ఐఎస్ 456 ప్రకారం పీహెచ్ 6కు తగ్గకూడదు, స్టీలు ఉన్న కాంక్రీట్‌కు క్లోరైడ్‌లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీటికీ ఇదే టెస్టు.

నాలుగో అడుగు: శనివారం మీటింగ్

ఈ గైడ్‌లో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. 1990ల్లో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు అమెరికాలో సైట్ల వారపు ప్లాన్‌లను లెక్కపెట్టి చూశారు. ఈ వారం చేస్తామని రాసుకున్న పనుల్లో సగానికి కాస్త ఎక్కువే ఆ వారంలో పూర్తవుతున్నాయని తేలింది. దాన్నుంచే లాస్ట్ ప్లానర్ అనే పద్ధతి వచ్చింది. పని చేయించే చివరి మనిషి, అంటే మన దగ్గర మేస్త్రీ, తన నోటితో మాట ఇవ్వాలి. ఇచ్చిన మాట నిలిచిందో లేదో వారం వారం లెక్కపెట్టాలి. అంతే పద్ధతి.

శనివారం పేమెంట్ రోజు కాబట్టి మేస్త్రీలందరూ ఎలాగూ వస్తారు. డబ్బులు పంచకముందే అరగంట కూర్చోబెట్టండి. టీ చెప్పండి. మాటలు ఇలా నడవాలి:

"మేస్త్రీ, గురువారానికి స్లాబ్ స్టీలు అయిపోతుందా?"

"అయిపోతుంది సార్."

ఎక్కువమంది ఇంజినీర్లు ఇక్కడే పుస్తకంలో 'గురువారం' అని రాసుకుని లేచిపోతారు. ఇంకో ప్రశ్న అడగాలి.

"ఏమేం ఉంటే అవుతుంది?"

"సెంట్రింగ్ సోమవారం సాయంత్రానికి పూర్తిగా అప్పజెప్పాల సార్. మావాళ్లు నలుగురు జాతరకి ఊరికి పోయినారు, మంగళవారం పొద్దున దిగుతారు. చెయిర్లు చేసేదానికి 10 ఎంఎం ముక్కలు లేవు."

(చెయిర్లు అంటే పై వరుస స్టీలును ఎత్తి పట్టే వంపు ముక్కలు.) ఇప్పుడు సెంట్రింగ్ మేస్త్రీ వైపు తిరగండి. "అన్నా, సోమవారం సాయంత్రానికి ఇస్తావా?"

"కాదు సార్. ప్లై షీట్లు ఇరవై తక్కువున్నాయి. మంగళవారం మధ్యాహ్నం ఇస్తా."

గురువారం కుదరదని శనివారమే తేలింది. స్లాబ్ శనివారానికి జరుగుతుంది. ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీట్) ఆర్డరు, పంపు బుకింగ్, నీళ్ల ట్యాంకరు, అన్నీ దాని ప్రకారం మారతాయి. ఇదే విషయం బుధవారం రాత్రి తెలిసి ఉంటే పంపు అడ్వాన్సు పోయేది, ఎలక్ట్రీషియన్ ఇంకో సైట్‌కు వెళ్లిపోయేవాడు. ఇద్దరు మేస్త్రీలు ఒకరి ఇబ్బంది ఒకరు ఎదురుగా విన్నారు కాబట్టి మధ్యలో గొడవ కూడా ఉండదు.

వారం చివర లెక్క తీయండి. 20 మాటలు ఇచ్చి 13 నిలిస్తే 65 శాతం. సగం అయినదాన్ని అయినట్టు వేయొద్దు: అయితే ఒకటి, కాకపోతే సున్నా. నిలవని ఏడింటికీ పక్కనే కారణం రాయండి: సామాను, డ్రాయింగ్, మనుషులు, ముందు పని, వాన, ఓనరు మార్పు. కొన్ని వారాలకు ఆ కారణాల కాలమ్ చూస్తే మీ సైట్ జబ్బేమిటో తెలిసిపోతుంది. ఎక్కువసార్లు అది ఆఫీసు చేయాల్సిన పనే అయి ఉంటుంది: స్టీలు ఆర్డరు, డ్రాయింగ్ క్లారిఫికేషన్, పేమెంట్. ఈ శాతం చూపించి మేస్త్రీకి ఫైన్ మాత్రం వేయొద్దు. ఒక్కసారి వేశారంటే వచ్చే వారం నుంచి అందరూ చేతనైన దానిలో సగమే ఒప్పుకుంటారు, అంకె వందకు చేరుతుంది, పని అక్కడే ఉంటుంది. "కాదు సార్" అని ధైర్యంగా చెప్పే మేస్త్రీని నలుగురిలో మెచ్చుకోండి. మన దగ్గర పెద్దవాళ్ల ముందు కాదనడం మర్యాద కాదనుకుంటారు కాబట్టి ఆ చొరవ మీ వైపు నుంచే రావాలి.

ఐదో అడుగు: స్లాబ్ రోజు లెక్క

5,000 చదరపు అడుగుల ఫ్లోర్, 150 ఎంఎం మందం అనుకుందాం. స్లాబ్‌కే దాదాపు 70 క్యూబిక్ మీటర్లు, బీమ్‌లతో కలిపి 90. ట్రాన్సిట్ మిక్సర్‌లో (కాంక్రీట్ తెచ్చే బండిలో) 6 క్యూబిక్ మీటర్లు వస్తే 15 లోడ్లు. పంపు ఒక లోడును 15 నిమిషాల్లో లాగేస్తుందనుకుంటే మొత్తం నాలుగు గంటల లోపు పని.

ప్లాంటు నుంచి వచ్చి, దించి, తిరిగి వెళ్లి, మళ్లీ నింపుకోవడానికి ఒక బండికి రెండు గంటలు పడితే, పంపు ఆగకుండా నడవాలంటే 8 బండ్లు కావాలి. ఆర్‌ఎంసీ వాళ్లు ఐదే పెడితే లోడుకీ లోడుకీ మధ్య 24 నిమిషాలు, పోత ఆరు గంటలకు సాగుతుంది. వైట్‌ఫీల్డ్ వైపు సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ రెండు గంటలు మూడున్నర కూడా అవుతాయి. అందుకే "రేపు 90 క్యూబిక్ మీటర్లు కావాలి" అని చెప్పి ఊరుకోవద్దు. "ఎన్ని బండ్లు పెడతారు, ఏ ప్లాంటు నుంచి, మొదటి బండి ఎన్నింటికి" అని రాతలో తీసుకోండి. పీక్ అవర్స్‌లో పెద్ద బండ్ల మీద ట్రాఫిక్ పోలీసుల ఆంక్షలు ఉంటాయి కాబట్టి టైము దాన్నిబట్టి పెట్టుకోండి. మేలో అయితే మధ్యాహ్నానికల్లా పోత ముగిసేలా చూడండి, సాయంత్రం వానను నమ్మలేం.

లోడ్ చేసిన రెండు గంటల్లోపు కాంక్రీట్ దించేయాలని రెడీమిక్స్ ప్రమాణం ఐఎస్ 4926 చెబుతుంది. ప్రతి బండి చలాన్‌లో బ్యాచింగ్ టైము (ప్లాంటులో కలిపిన టైము) చూసి, స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చూసే టెస్టు) పెట్టాకే పంపులోకి వదలండి. గట్టిపడిందని డ్రైవరు పైపు తీసి నీళ్లు కొట్టబోతే ఆపండి. అడ్‌మిక్చర్ (కాంక్రీట్‌ను జారుగా చేసే రసాయనం) వేయాలా, బండి వెనక్కి పంపాలా అన్నది ప్లాంటు క్వాలిటీ ఇంజినీరుతో మాట్లాడి తేల్చాలి. 90 క్యూబిక్ మీటర్లకు ఐఎస్ 456 ప్రకారం 5 శాంపిళ్లు, శాంపిల్‌కు మూడు క్యూబుల (పరీక్షకు పోసే కాంక్రీట్ దిమ్మెల) చొప్పున 28 రోజుల టెస్టుకు 15 క్యూబులు. ఏడో రోజున కూడా చూడాలంటే అవి అదనం.

పోతకు ముందు రోజు సాయంత్రం మీరే సెంట్రింగ్ మీద నడవండి. కవర్ బ్లాకులు (స్టీలును అచ్చుకు ఎడంగా ఉంచే దిమ్మెలు) ఉన్నాయా, కాలమ్ దగ్గర బీమ్ స్టీలు మధ్య వైబ్రేటర్ నీడిల్ దూరే సందు ఉందా, ఎలక్ట్రికల్ పైపులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయా, జాకీల కింద మట్టి గట్టిగా ఉందా, స్పేర్ వైబ్రేటర్ స్టార్ట్ అవుతుందా. వైబ్రేటర్ సైట్‌లో ఉందన్న మాటతో సరిపెట్టుకోవద్దు, స్టార్ట్ చేయించి చూడండి.

ఫినిషింగ్ అవగానే ప్లాస్టిక్ షీటు కప్పించండి. బెంగళూరులో మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలు గాలి పొడిగా ఉంటుంది, మొదటి కొన్ని గంటల్లోనే పైన వెంట్రుక పగుళ్లు లేస్తాయి. ఆ తర్వాత మళ్లు కట్టి క్యూరింగ్ (నీళ్లతో తడిగా ఉంచడం): ఓపీసీ అయితే కనీసం 7 రోజులు, పీపీసీ అయినా ఎండ తీవ్రంగా ఉన్నా 10 రోజులు. కాలమ్‌లకు గోనెపట్ట చుట్టించి తడపాలి. క్యూరింగ్‌కు ఒక మనిషిని పేరుతో పెట్టండి, అందరి పని అంటే ఎవరూ చేయరు.

ఆరో అడుగు: డబ్బు, ప్రగతి ఒకే కాగితం మీద

నెలాఖరుకు మూడు అంకెలు చాలు. ఈపాటికి ఎంత పని కావాలి, ఎంత అయింది, దానికి ఎంత ఖర్చయింది. ఉదాహరణకు 40 లక్షల పని కావాల్సింది, 32 లక్షల పని అయింది, 36 లక్షలు ఖర్చయ్యాయి. 32ను 40తో భాగిస్తే 0.8, అంటే టైములో ఐదో వంతు వెనక ఉన్నారు. 32ను 36తో భాగిస్తే 0.89, అంటే రూపాయి పెడితే 89 పైసల పనే వస్తోంది. ఇలాగే నడిస్తే 1.8 కోట్ల బడ్జెట్ 2 కోట్ల 2 లక్షలు దాటుతుంది. ఈ మాట ఓనరుకు మొదటి స్లాబ్ దగ్గరే చెప్పాలి, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ప్లాస్టరింగ్ దాకా వచ్చాక చెబితే ఆయన చేతిలో చేయగలిగింది ఏమీ మిగలదు.

స్టీలు లెక్క వారం వారం చూడండి. రాడ్ వ్యాసం ఎంఎంలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 16 ఎంఎంకు 1.58 కిలోలు, 12 మీటర్ల రాడ్‌కు దాదాపు 19 కిలోలు. లోడు రాగానే తూకం చీటీతో పాటు రాడ్ల సంఖ్య లెక్కపెట్టి పోల్చండి. బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ రాడ్ ఎంత పొడవు, ఎన్ని అనే పట్టిక) ముందే వేసుకుంటే మిగిలిన ముక్కలు చెయిర్లకు, స్టిరప్‌లకు ఎక్కడెక్కడ సర్దుకుంటాయో తెలుస్తుంది. లేకపోతే స్క్రాప్ గుట్ట పెరుగుతుంది.

మేస్త్రీల బిల్లులను కొలిచిన మూడు రోజుల్లో పాస్ చేయండి. మీరు డబ్బు ఆపితే మేస్త్రీ మనుషుల్ని ఇంకో సైట్‌కు మళ్లిస్తాడు, తిరిగి కూడగట్టడానికి వారం పడుతుంది. చిన్న సైట్లలో లేబర్ కొరత అని పిలిచేదాంట్లో చాలా భాగం పేమెంట్ కొరతే. ఓనరు మార్పులు కూడా రాతలోనే ఉండాలి: ఏం మార్పు, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, సంతకం. సంతకం పడేదాకా సుత్తి ఎత్తొద్దు.

ఏడో అడుగు: ప్రాణం, పనితనం

2024 అక్టోబర్‌లో హెణ్ణూరు వైపు బాబూసాపాళ్యలో కడుతున్న బిల్డింగ్ వానల్లో కుప్పకూలి కూలీలు చనిపోయారు. ఇంట్లోవాళ్లను ఊళ్లో వదిలి ఇంత దూరం వచ్చిన మనుషులు మన మాట నమ్మి గుంతలోకి దిగుతారు, పైకి ఎక్కుతారు. 1.5 మీటర్లు దాటిన గుంతకు పక్కలు వాలుగా కోయాలి, లేదా షోరింగ్ (మట్టి కూలకుండా దన్ను) కట్టాలి. తవ్విన మట్టిని అంచున పోయొద్దు. స్లాబ్ అంచులకు, లిఫ్ట్ గుంతకు, మెట్లకు ఆ రోజే కంచె కట్టాలి. పది మంది, అంతకు మించి పనిచేసే సైట్ నిర్మాణ కార్మికుల చట్టాల కిందికి వస్తుంది. సైట్ రిజిస్ట్రేషన్, ఒక శాతం సెస్‌తో పాటు కూలీలకు కార్మిక బోర్డు కార్డులు చేయించండి. పిల్లల చదువుకు, ప్రమాదం జరిగితే కుటుంబానికి ఆ కార్డే ఆధారం.

పనితనంలో మళ్లీ చేయాల్సి వచ్చే పనులే టైమును తినేస్తాయి, వాటిలో మొదటిది బాత్రూమ్ లీకేజీ. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందే 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లోర్ సీలింగ్ చూడండి. పైపులను గోడ మూయకముందే ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఒక్క ఫ్లాట్‌ను అన్నిటికంటే ముందు పూర్తిగా, స్విచ్ బోర్డు నుంచి తలుపు గొళ్లెం దాకా, ముగించి ఓనరుకు, మేస్త్రీలకు, పెయింటర్‌కు చూపించండి. మిగతా ఫ్లాట్లకు అదే కొలత. అందులో బయటపడ్డ లోపాల జాబితాను ఆ శనివారం మీటింగ్‌లోనే ఒక్కో మేస్త్రీకి పంచి, తేదీలు రాయించుకోండి.